పేస్‌మేకర్ తీగలు తీయించుకోవలసి వస్తే

మా పెదనాన్నగారికి పేస్‌మేకర్ తీగలు తీయాలని వైద్యులు చెప్పినప్పటి నుంచి బంధువులందరిదీ ఒకటే ప్రశ్న: చర్మం కింద ఉన్న బ్యాటరీ పెట్టెను మార్చితే సరిపోదా, గుండెలోని తీగల జోలికి పోవడం ఎందుకు? బ్యాటరీ మార్పించిన కొన్ని నెలలకు ఆయన ఎడమ భుజం కింద చర్మం ఎర్రబడి, పలుచనై, చివరకు లోహపు అంచు బయటపడింది. మొదటిసారి అమర్చినప్పటి కంటే ఇలా మార్పించిన తరువాతే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ.

పెట్టె చుట్టూ మాత్రమే చీము పట్టినా, సూక్ష్మజీవులు తీగ మీద పొరలా పేరుకుంటాయి. ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగా చొరబడదు కనుక, మందులతో వాపు తగ్గినట్టు కనిపించినా మళ్లీ తిరగబెడుతుంది. అందువల్ల పెట్టెనూ తీగలనూ పూర్తిగా తీసివేయడమే అసలు చికిత్స. ఇంటి దగ్గరి క్లినిక్‌లో సూదితో చీము తీయించడం మంచిది కాదు, ఉన్న ఇన్ఫెక్షన్ చాలదన్నట్టు కొత్తది లోపలికి పోవచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్ పరీక్షకు (రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) ఇవ్వాలి. తీగ విరిగినా, పనిచేయకపోయినా మాత్రం విషయం వేరు. పాతదాన్ని అలాగే ఉంచి పక్కన కొత్తది వేయడమా, తీయడమా అన్నది వయసునూ ఆరోగ్యాన్నీ బట్టి నిర్ణయిస్తారు.

ఏడాదిలోపు వేసిన తీగ సాధారణంగా మెల్లగా లాగితే వచ్చేస్తుంది. ఏళ్లు గడిచిన తీగ, భీమిలి వైపు తోటల కంచె తీగ చెట్టు బెరడులోకి కూరుకుపోయినట్టు, రక్తనాళపు గోడకూ గుండె కండకూ అతుక్కుపోతుంది. అప్పుడు తీగ లోపలికి గట్టి సన్నని కడ్డీని పంపి బిగించి, పైనుంచి ఒక గొట్టాన్ని తొడిగి, దాని కొనలోని లేజర్‌తో గానీ తిరిగే అంచుతో గానీ ఆ అతుకులను విడదీస్తారు. నాళమో గుండె గోడో చిరిగితే నిమిషాల్లో ఛాతీ తెరవవలసి ఉంటుంది. అనుభవమున్న చోట ఇంతటి ప్రమాదం నూటికి రెండు కంటే తక్కువే అయినా, గుండె శస్త్రచికిత్స నిపుణుడూ, ఆపరేషన్ థియేటరూ, సరిపడా రక్తమూ సిద్ధంగా లేని చోట ఈ పనికి ఒప్పుకోవద్దని నా అభిప్రాయం. మా విశాఖపట్నం ఆరిలోవ హెల్త్ సిటీలో ఆసుపత్రులకు కొదువ లేదు గానీ, పేస్‌మేకర్ పెట్టే ప్రతి చోటా తీగలు తీయరు. ఏడాదికి ఎన్ని తీస్తారో మొహమాటం లేకుండా అడగండి. తీగ ఏ రకమో, ఎప్పుడు వేశారో తెలిపే పాత కార్డు వెంట తీసుకువెళ్లండి. మేము దాని కోసం బీరువా అంతా తిరగవేయవలసి వచ్చింది.

తీసిన వెంటనే కొత్తది పెట్టరు. పేస్‌మేకర్ లేనిదే గుండె కొట్టుకోని వారికి మెడలోని రక్తనాళం ద్వారా తాత్కాలిక తీగ వేసి, బయట పెట్టెకు కలుపుతారు. తీసిన తరువాత కనీసం 72 గంటలు రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదని తేలాకే, రెండో వైపు కొత్తది అమర్చుతారు. ఇన్ఫెక్షన్ చర్మం దగ్గరే ఉంటే యాంటీబయాటిక్ సుమారు రెండు వారాలు, రక్తంలోకో గుండె కవాటానికో పాకితే నాలుగు నుంచి ఆరు వారాలు సాగుతుంది. ఖర్చు లెక్క కూడా ఆ మేరకే వేసుకోవాలి, ప్రభుత్వ పథకం కింద ఏది వర్తిస్తుందో చేరే రోజే ఆసుపత్రిలోని ఆ పథకం సహాయకుణ్ణి (ఆరోగ్యమిత్రను) అడగాలి. అసలు మళ్లీ పేస్‌మేకర్ అవసరమా అని కూడా అడగవచ్చు, కొందరికి అవసరం ఉండదు. తొడలోని రక్తనాళం గుండా గుండెలో అమర్చే, తీగలే లేని చిన్న పేస్‌మేకర్ కొందరికి సరిపోతుంది. మా పెదనాన్నగారికి మాత్రం గుండెలోని రెండు గదుల్లోనూ తీగలు కావాలని కుడివైపున మామూలుదే పెట్టారు.