కాకెంగిలి బిళ్ళ

మన 1990 పదో తరగతి బ్యాచ్‌లో రోలాకోలా తినని వాడుంటే చెయ్యెత్తండి. ఎత్తినవాడు అబద్ధమాడుతున్నట్టే.

బడి గేటు పక్క బడ్డీకొట్టులో దొరికేది. కోలా రుచితో చప్పరించే నాణెమంత గోధుమరంగు బిళ్ళలు, ఒకదాని మీద ఒకటి పేర్చి గొట్టంలా కాగితం చుట్టేవాళ్ళు. ఆ రోజుల్లో మా ఇంట్లో థమ్సప్ సీసా మూత తీయాలంటే చుట్టాలు రావాలి. వాళ్ళు మొహమాటానికి అడుగున వదిలిన గుక్క మాకు. అలాంటిది, కోలా ఏకంగా జేబులోకే వచ్చేసింది! థమ్సప్‌ని డాబా మీద ఎండబెట్టి బిళ్ళలు కోస్తారని మా బెంచీవాడు చెప్పాడు. నమ్మాను. రెండింటికీ పార్లే పేరే కదా. బిస్కట్లు, మిఠాయిలు చేసే పార్లే వేరు, కూల్‌డ్రింకుల పార్లే వేరు, ఒకే కుటుంబం వేరుపడి చేసుకుంటున్న వ్యాపారాలని చాలా ఏళ్ళకి తెలిసింది. అప్పటికది తెలియదు, అందుకే 1993లో థమ్సప్‌ని కోకాకోలా కొనేసిందని పేపర్లో చూడగానే నాకు బెంగ పట్టుకుంది బిళ్ళ గురించి. దానికేమీ కాలేదు లెండి, అప్పటికి.

కొనడం ఒక ఎత్తు, పంచుకోవడం ఒక ఎత్తు. లెక్కల పీరియడ్‌లో కాగితం చప్పుడు కాకుండా చిటికెనవేలి గోటితో చింపాలి. నీకొకటి, నాకొకటి. బేసి మిగిలిందా, చొక్కా అంచు బిళ్ళకి చుట్టి పటుక్కున కొరకడమే. కాకెంగిలికి దోషం లేదు. పెద్ద ముక్క ఎవడికొచ్చిందన్న తగాదా మాత్రం ఇంటర్వెల్ దాకా నడిచేది. ఓసారి బిళ్ళ బుగ్గనుండగా నన్ను లేపి పదమూడో ఎక్కం చెప్పమన్నారు. పదమూడు నాలుగుల దగ్గర అది గొంతులోకి జారింది. మా వాడు వీపు మీద గుద్దాడు. బిళ్ళ ముందు బెంచీ అమ్మాయి జడ మీద పడింది. ఆవిడ ఈ సంచిక చదువుతారు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

2006లో రోలాకోలా తయారీ ఆపేశారు. మనం పిల్లల ఫీజుల గొడవల్లో ఉన్నాం, ఎవరూ గమనించలేదు. 2019లో ట్విట్టర్‌లో ఒకాయన మళ్ళీ తెమ్మని అడిగితే, పది వేల రీట్వీట్లు వస్తే తెస్తామంది కంపెనీ. వచ్చాయి, తెచ్చింది. ఆ వార్త డల్లాస్ నుంచి నాకు పంపింది మా బెంచీవాడే.

మొన్న కలయికకి వాడొచ్చాడు. జేబులోంచి గొట్టం తీశాను.

"షుగర్‌రా, ఒక్కటి కూడా తినకూడదు."

"సగం?"

కాసేపు ఆలోచించి, ఇస్త్రీ నలగని తన తెల్ల లినెన్ చొక్కా వంక చూసుకుని అన్నాడు: "నీ చొక్కాతో కొరుకు."