ఎలక్ట్రానిక్ షాకబ్జార్బర్లు తీసి మామూలువి బిగించడం, అదీ వార్నింగ్ మెసేజ్ రాకుండా: నా అనుభవం

ఈ పనిలో స్పానర్ పట్టుకునేది సగమే. మిగతా సగం, షాకబ్జార్బర్ గట్టిదనాన్ని కరెంటుతో మార్చే కంట్రోల్ యూనిట్‌తో తేల్చుకోవాలి. ఆ యూనిట్‌కి షాకబ్జార్బర్ కనిపించదు. దాని వాల్వ్ చుట్టలో పారే కరెంటు మాత్రమే కనిపిస్తుంది. కరెంటు ఆగిపోతే తీగ తెగిందనుకుంటుంది, మరీ ఎక్కువైతే షార్ట్ అయిందనుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ డ్యాష్‌బోర్డులో సస్పెన్షన్ మెసేజ్ వస్తుంది. అందుకే షాకబ్జార్బర్లు కొనేముందే ఒకటి తేల్చుకోవాలి: ఆ యూనిట్‌ని ఉంచుతామా, కారు లెక్కల్లోంచి పూర్తిగా తీసేస్తామా? రెండింటికీ మధ్యలో ఆగితే మెసేజ్ పోదు.

నేను చేయించింది ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్ (ఆ గ్రూప్ చాలా కార్లకి ఉమ్మడిగా వాడే పునాది) మీద వచ్చిన ఎస్‌యూవీకి. అందులో షాకబ్జార్బర్ల గట్టిదనాన్ని సర్దే డీసీసీ అనే సిస్టమ్ ఉంటుంది. ఒక్కో షాకబ్జార్బర్‌కి ఒక విద్యుత్ వాల్వ్, దానికి రెండు పిన్నుల ప్లగ్. వైరింగ్ బొమ్మల్లో ఆ వాల్వులు ఎన్336 (ముందు ఎడమ), ఎన్337 (ముందు కుడి), ఎన్338 (వెనక ఎడమ), ఎన్339 (వెనక కుడి). నడిపించే యూనిట్ పేరు జె250, కారు యూనిట్లలోని తప్పులు చదివే స్కానర్‌లో 14వ అడ్రస్. ముందు ఎడమ వైపు ఆయిల్ కారిపోయింది, మిగతా మూడూ అరిగాయి. ఇది వయసు వల్ల వచ్చిన అరుగుదలే, తయారీ లోపం కాదు. నాలుగు మామూలువి కొన్నా ఎలక్ట్రానిక్‌వి రెండింటి ధర దాటలేదు కాబట్టి మార్పుకే మొగ్గాను. పని గాజువాక ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో జరిగింది.

ముందుగా ఒక మాట. మన విశాఖలో సస్పెన్షన్ మెసేజ్ వచ్చినంత మాత్రాన షాకబ్జార్బర్ పోయిందని అనుకోకండి. బీచ్‌రోడ్డు, సింధియా, హార్బర్ వైపు రోజూ తిరిగే బండికి ఉప్పుగాలి చక్రాల దగ్గరి ప్లగ్గుల్లోకి చేరుతుంది. ప్లగ్ విప్పి టార్చి వేసి చూస్తే పిన్ను మొదట్లో పచ్చటి పొడి కనిపిస్తుంది. ఈ వాల్వ్ చుట్టల నిరోధం కొద్ది ఓములే కాబట్టి ఆ తుప్పు అర ఓము కలిపినా యూనిట్‌కి తేడా తెలిసిపోవచ్చు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్నటి బ్రష్‌తో రుద్ది, డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తేమ ఆపే గ్రీజు) పెట్టి, యూనిట్‌లో నమోదైన తప్పు కోడ్ చెరిపి, నడిపి చూడాలి. మెసేజ్ అంతటితో పోతే ఖర్చు తప్పినట్టే. ఆయిల్ కారుతుంటే, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఊగుతూనే ఉంటే మాత్రం మార్చక తప్పదు.

తీసే ముందే చేయాల్సిన కొలతలు కొన్ని ఉన్నాయి. మొత్తం కారుని ఒకసారి స్కాన్ చేసి రిపోర్టు దాచుకోవాలి. 14, 19 (యూనిట్లన్నిటినీ కలిపే గేట్‌వే), 55 (హెడ్‌లైట్ ఎత్తు) అడ్రసుల కోడింగ్, అంటే యూనిట్ సెట్టింగుల స్క్రీన్లను ఫోటో తీసుకోవాలి. ఒక్కో చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ఎత్తు కొలిచి రాసుకోవాలి. బాగున్న వాల్వ్ నిరోధం మల్టీమీటర్‌తో చూడాలి. ఇక్కడ జాగ్రత్త: మీటర్ తీగలు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.2, 0.3 ఓములు చూపిస్తుంది. అది తీసేసి లెక్క వేసుకోవాలి. ఇంత చిన్న విలువల్లో ఆ తేడా పెద్దదే.

విడిభాగాల దగ్గర చాలామంది దెబ్బతినేది స్ట్రట్ (స్ప్రింగ్ తనమీదే కూర్చునే ముందు షాకబ్జార్బర్) వ్యాసంతో. ఎంక్యూబీ కార్లలో ముందు స్ట్రట్ అడుగు భాగం 50 మి.మీ. ఉన్నవీ ఉన్నాయి, 55 మి.మీ. ఉన్నవీ ఉన్నాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి. 50ది తెచ్చి 55 క్లాంపులో ఎంత బిగించినా పట్టు ఉండదు. కాలిపర్‌తో కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి. రెండో సంగతి బరువు. అదే బాడీలో డీజిల్, పెట్రోల్, టూవీల్, ఫోర్‌వీల్ రకాలుంటే స్ప్రింగులు, వాటికి తగ్గ డంపింగ్ (ఊపు ఆపే గట్టిదనం) వేరుగా ఉండొచ్చు. బూట్ లోపలి స్టిక్కర్ మీద పీఆర్ కోడ్‌లు (ఆ కారుకి ఏ రకం భాగాలు వేశారో చెప్పేవి) ఉంటాయి, షాపులో ఆ ఫోటో చూపిస్తే సరిపోయే నంబర్ తేలుతుంది. మూడోది, కొత్త స్ట్రట్ మీద స్టెబిలైజర్ లింక్ తగిలే చెవి, బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు పట్టుకునే క్లిప్ స్థానం పాతదానితో సరిపోవాలి. రెండూ పక్కపక్కన నిలబెట్టి చూడండి.

నేను తెప్పించినవి: ముందు స్ట్రట్లు 2, వెనక షాకబ్జార్బర్లు 2, ముందు టాప్ మౌంటులు 2, వాటి బేరింగులు 2, బంప్ స్టాపులు 4, దుమ్ము తొడుగులు 4, యాంగిల్‌తో (టార్క్ పెట్టాక ఇంకొన్ని డిగ్రీలు తిప్పి) బిగించే బోల్టులు, నట్లు అన్నీ కొత్తవి, వాల్వ్‌కి బదులు పెట్టే ఎమ్యులేటర్లు 4. యాంగిల్ బోల్టు ఒకసారి సాగిపోతుంది, మళ్లీ వాడితే అదే పట్టు రాదు. ఇక్కడ పొదుపు చేయొద్దని షెడ్డులో గట్టిగా చెప్పండి.

బిగింపు పని తెలిసినవాళ్లకి కొత్తేమీ కాదు, అందుకే తడబడే చోట్లు మాత్రమే రాస్తాను. ముందు స్ట్రట్ పై బోల్టులు అందాలంటే వైపర్లు, అద్దం కిందున్న ప్లాస్టిక్ కవర్ తీయాలి. కింద క్లాంపు విప్పాక సుత్తితో కొట్టకూడదు. చీలికలో స్ప్రెడర్ పెట్టి తిప్పితే స్ట్రట్ జారి వస్తుంది. నకుల్ (చక్రం హబ్‌ని మోసే భాగం) కిందికి వేలాడకుండా తాడుతోనో స్టాండుతోనో ఆపాలి, లేకపోతే యాక్సిల్ జాయింట్ లోపల ఊడే ప్రమాదం ఉంది. స్ప్రింగ్ నొక్కే పనిముట్టు రెండు వైపులా సమానంగా పట్టుకోవాలి. వెనక స్ప్రింగ్ విడిగా ఉంటుంది కాబట్టి కంప్రెసర్ అక్కర్లేదు, కానీ కింది బోల్టు తీసే ముందు ఆర్మ్ కింద జాకీ ఉండాల్సిందే.

వెనక షాకబ్జార్బర్ కింది బోల్టుని బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. బండి నేల మీద నిలబడినప్పుడు ఉండే ఎత్తుకి జాకీతో ఆర్మ్ లేపి, అప్పుడు టార్క్ పెట్టాలి. గాలిలో బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడిన స్థితిలో ఉండిపోతుంది, కొన్నాళ్లకే చిరిగి కిర్రుమంటుంది. ఎన్ని న్యూటన్ మీటర్లు, ఎంత యాంగిల్ అన్నది మీ మోడల్ రిపేర్ మాన్యువల్లో చూసుకోండి, ఊహించి చేసే చోటు కాదది. టిగువాన్, కోడియాక్ తరగతి కార్లకి చక్రం బోల్టులు 140 న్యూటన్ మీటర్లు.

ఇక కరెంటు సంగతి. ప్లగ్గులు పీకి టేపు చుట్టేస్తే యూనిట్ వెంటనే పట్టేస్తుంది. ఆ తర్వాత అందరికీ తట్టేది రెసిస్టర్. వాల్వ్ రెండు ఓములైతే రెండు ఓముల రెసిస్టర్ పెడితే చాలదా అని. చాలదు, ఎందుకో చెప్తాను. యూనిట్ వాల్వ్‌కి నిలకడగా కరెంటు ఇవ్వదు, సెకనుకి వందల సార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. వాల్వ్‌లో ఉన్నది తీగ చుట్ట. దానికున్న ఇండక్టెన్స్ వల్ల కరెంటు మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది, మొత్తానికి చిన్న అలలతో సాగుతుంది. ఉత్త రెసిస్టర్‌కి ఆ గుణం లేదు. ఆన్ అయిన క్షణమే 14 వోల్టులు రెండు ఓముల మీద పడతాయి, అంటే 7 ఆంపియర్లు. ఆఫ్ అవగానే సున్నా. సగటు సరిగ్గానే ఉన్నా ఆ 7 ఆంపియర్ల పోటుని యూనిట్ షార్ట్‌గా లెక్కేయవచ్చు. షెడ్డులో నిలబెట్టినప్పుడు ఏమీ రాకుండా రోడ్డెక్కాక మెసేజ్ రావడానికి కారణం ఇదే. బండి కదిలి గతుకులు తగిలినప్పుడే యూనిట్ కరెంటుని గట్టిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

అందుకే నిరోధం, ఇండక్టెన్స్ రెండూ ఉన్న ఎమ్యులేటర్ కావాలి. కేడబ్ల్యూ లాంటి సస్పెన్షన్ కంపెనీలు కారు మోడల్ వారీగా వీటిని కిట్‌గా అమ్ముతాయి, ఒరిజినల్ ప్లగ్‌లోకి నేరుగా దిగుతాయి, వైరు కోయనక్కర్లేదు. పాత షాకబ్జార్బర్ వాల్వ్ కోసి వాడుకుందామని ఆటోనగర్‌లో సలహా రావచ్చు. లోపల ఒత్తిడి మీద గ్యాస్, ఆయిల్ ఉంటాయి. గ్రైండర్ పెట్టనివ్వకండి.

ఎమ్యులేటర్‌కి వేడి సమస్య ఉంది. రెండు ఓముల మీద సగటున ఒకటిన్నర ఆంపియర్లు పారితే నాలుగున్నర వాట్లు, రెండు ఆంపియర్లు పారితే ఎనిమిది వాట్లు. అల్యూమినియం తొడుగు ఉన్న 25 వాట్ల రెసిస్టర్ అయినా ఇనుప రేకుకో హీట్‌సింక్‌కో (వేడిని లాగేసే లోహపు ముక్క) ఆనించకపోతే అందులో సగం కూడా మోయలేదు. చక్రం పైన ప్లాస్టిక్ లైనర్ లోపల, బాడీ రేకుకి బోల్టుతో బిగించాలి, ప్లాస్టిక్‌కి టై వేసి వదిలేయకూడదు. స్ట్రట్ మీదకి దిగే వైరుని ఇక బాడీ వైపే మడిచి కట్టాలి, చక్రం తిరిగినప్పుడు రాసుకోకుండా. ప్లగ్ నోరు కిందికి ఉండాలి, నీరు నిలవదు.

కోడింగ్‌తో తీసేద్దామా అన్న ప్రశ్నకి నా జవాబు హెడ్‌లైట్ల దగ్గర ఉంది. పద్ధతి తేలికే: 19వ అడ్రస్ గేట్‌వేలో ఇన్‌స్టలేషన్ లిస్టు తెరిచి 14 పక్కన టిక్ తీసేయడం, యూనిట్ ప్లగ్ తీసేయడం, డ్రైవింగ్ మోడ్ మెనూలోంచి సస్పెన్షన్ వరస తొలగించడం. కానీ ఆటోమేటిక్‌గా ఎత్తు సర్దుకునే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లున్న కార్లలో చక్రాల దగ్గరి ఎత్తు సెన్సర్ల సమాచారం డీసీసీ యూనిట్ గుండానే హెడ్‌లైట్ యూనిట్‌కి వెళ్లే అమరిక ఉంటుంది. 14 తీసేస్తే 55లో తప్పు మొదలవుతుంది, హెడ్‌లైట్ రేంజ్ మెసేజ్ వస్తుంది. ఒకటి పోగొట్టి ఇంకొకటి తెచ్చుకున్నట్టు. పైగా కొత్త ఎంక్యూబీ ఈవో కార్లలో ఎస్‌ఎఫ్‌డీ అనే తాళం ఉంటుంది, అనుమతి లేకుండా కోడింగ్ మారదు. అందుకే యూనిట్‌ని, ఎత్తు సెన్సర్లని, బాడీ మీది యాక్సిలరేషన్ సెన్సర్లని అలాగే ఉంచి, వాల్వుల చోట మాత్రమే ఎమ్యులేటర్లు పెట్టించాను. సెన్సర్ల లింకులు పని మధ్యలో వంగకుండా చూసుకోవాలి, ఆ సన్నటి కడ్డీ వంగినా తప్పు చూపిస్తుంది.

అంతా బిగించాక ఇగ్నిషన్ ఆన్ చేసి కోడ్‌లు చెరిపి, 14లో లైవ్ డేటా తెరవాలి. ఒక్కో వాల్వ్‌కి యూనిట్ అడిగిన కరెంటు, నిజంగా పారుతున్న కరెంటు పక్కపక్కన చూడాలి. కంఫర్ట్ నుంచి స్పోర్ట్‌కి మార్చినా రెండో అంకె మొదటిదాన్ని వెన్నంటే రావాలి. ఒక్క చక్రం దగ్గర వెనకబడుతుంటే ఆ ప్లగ్గో ఎమ్యులేటరో చూడాలి. ఆ తర్వాత చక్రాల ఎత్తులు మళ్లీ కొలిచి, ముందు రాసుకున్న వాటితో తేడా ఉంటే 14లో ఎత్తు బేసిక్ సెట్టింగ్ (కొత్త ఎత్తుని యూనిట్‌కి నేర్పడం), 55లో హెడ్‌లైట్ బేసిక్ సెట్టింగ్ చేయాలి. ముందు కెమెరా ఉన్న కార్లకి ఎత్తు మారితే కెమెరా క్యాలిబ్రేషన్ కూడా తప్పదు. వీల్ అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాలి.

రోడ్డు పరీక్ష నునుపు రోడ్డు మీద పెట్టుకుంటే ఏమీ తేలదు. ఎన్ఏడీ నుంచి గాజువాక వైపు లారీలు తిరిగే సర్వీసు రోడ్లు, సింహాచలం కొండ మలుపులు, ఆనందపురం వైపు హైవే, ఈ మూడు రకాలూ కావాలి. ఎమ్యులేటర్లు వేడెక్కేదాకా ఆగకుండా నడపాలి, ఎందుకంటే వేడికి నిరోధం మారితే తప్పు అప్పుడే బయటపడుతుంది. దిగిన వెంటనే లైనర్ పక్కన చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉండటం మామూలే, ప్లాస్టిక్ వాసన రాకూడదు. ఆపైన మళ్లీ స్కాన్ చేసి 14, 55 రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మెసేజ్ లేదని వదిలేయొద్దు, లోపల నిద్రాణంగా ఉన్న కోడ్ రేపు పైకి వస్తుంది.

నడకలో వచ్చే తేడా ముందే తెలుసుకోండి. మోడ్ బటన్ నొక్కితే స్టీరింగ్, గేర్‌బాక్స్ మారతాయి, సస్పెన్షన్ మారదు. గట్టిగా బ్రేక్ వేస్తే ముందు భాగం ఇంతకు ముందుకన్నా ఎక్కువ వంగుతుంది. అనంతగిరి ఘాట్‌లో నిండా మనుషులతో దిగేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. వేగం కొంచెం తగ్గించుకోవాలి. నగరంలో తక్కువ వేగంలో మాత్రం నాకు లోటు కనిపించలేదు.

మార్పు సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్‌లో తెలియజేసి జవాబు దాచుకోండి, బిల్లులతో పాటు. ఎమ్యులేటర్లు ఎక్కడ బిగించారో, ఏ షాకబ్జార్బర్ నంబర్లు వేశారో ఒక కాగితం మీద రాసి సర్వీస్ బుక్‌లో అంటించండి. రేపు ఏ మెకానిక్ స్కానర్ పెట్టినా డీసీసీ సవ్యంగా ఉన్నట్టే చూపిస్తుంది. ఆ కాగితం లేకపోతే అతను లేని వాల్వ్ కోసం వెతుకుతూ మీ డబ్బు, తన సమయం రెండూ పోగొడతాడు. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లకి ఆ కాగితం చూపించి ఇవ్వండి.