పేరు లేని పేరా

గురువారం, రాత్రి

మన రాత వేరేవాళ్ల రాతతో ఎంత శాతం కలుస్తుందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, కలిసిన చోట రంగు వేసి ఇచ్చే సిమిలారిటీ రిపోర్టులో రంగు పడకపోతే తప్పు చేయనట్టే అన్న నమ్మకం మా విద్యార్థుల్లో బాగా పాతుకుపోయింది. ఇవాళ పగలంతా ఆ నమ్మకంతోనే వాదించాల్సి వచ్చింది.

ఎం.ఏ. చివరి సెమిస్టర్ చదువుతున్న జూనియర్ అమ్మాయి పొద్దున్నే తన ప్రాజెక్టు పట్టుకుని పరిశోధకుల గదికి వచ్చింది. ఓడరేవు వచ్చాక విశాఖ జనజీవనం ఎలా మారిందన్నది ఆమె ఎంచుకున్న విషయం. "అక్కా, 9 శాతమే వచ్చింది. ఒక్కసారి చూసిపెట్టు, రేపు ఇచ్చేస్తాను" అంది. ఆ ముఖంలో సంతోషం చూసి నాకూ ముచ్చటేసింది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. ఆ పైన 40 శాతం దాకా అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాది పాటు తిరిగి సమర్పించే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఈ అంకెలు మా వాళ్లందరికీ కంఠస్థం. వాటి వెనకున్న ఉద్దేశం గురించి మాట్లాడుకోవడం మాత్రం తక్కువ.

రిపోర్టు తెరిచాం. "విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది" అన్న వాక్యం మీద ఎర్రరంగు. పాపం, దాన్ని ఎలా తిరగరాయాలా అని ఆమె రాత్రంతా మథనపడిందట. తిరగరాయాల్సిన పనే లేదన్నాను. జరిగిన సంగతికి యజమాని ఉండడు. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక వాస్తవానికి కాపీరైట్ వర్తించదని, వాటిని చెప్పిన తీరుకే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది.

నన్ను ఆపేసింది రంగు పడని పేరా. మూడో అధ్యాయంలో, రేవు కట్టక ముందు జాలరులు డాల్ఫిన్ నోస్ కొండను ఆనవాలుగా పెట్టుకుని ఒడ్డుకు ఎలా చేరేవారో వర్ణించిన భాగం అది. చదువుతుంటేనే గుర్తొచ్చింది. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఒక పాత ప్రత్యేక సంచికలో ఆ వ్యాసం ఉంది. రాసినాయన బడిపంతులు. సెలవు రోజుల్లో జాలరిపేట వెళ్లి, పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నానని మొదట్లోనే చెప్పుకున్నారు. అది ఎవరూ కంప్యూటర్‌లోకి ఎక్కించని కాగితం. సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న పాఠంతోనే పోల్చగలదు కాబట్టి దానికి ఆ పంతులుగారు కనిపించలేదు.

ఆమె మాటలు మార్చింది. "ముసలి జాలరి" కాస్తా "వృద్ధ మత్స్యకారుడు" అయ్యాడు, "తెప్ప" కాస్తా "నాటు పడవ" అయింది. వాక్యాల వరుస, ఉదాహరణలు, చివర్లో వచ్చే ఆ చక్కటి ఊహ, అన్నీ ఆయనవే. పైగా తెప్ప అంటే దుంగలు కలిపి కట్టినది, పడవ కాదు. దొరక్కూడదని మాట మార్చడంతో విషయం కూడా తప్పిపోయింది. కాపీ కొట్టినవాళ్లకు తెలిసే అవకాశం లేని తప్పు ఇది, ఎందుకంటే తెప్ప చూసింది వాళ్లు కాదు.

"చివర ఉపయుక్త గ్రంథాల్లో ఆ సంచిక పేరు వేశాను కదా అక్కా?" అని అడిగింది. నిజమే, వేసింది. కానీ ఈ పేరా ఎవరిదో చదివేవాళ్లకు ఆ పట్టిక చెప్పదు. అరవై పుస్తకాల పేర్ల మధ్య ఒక పేరు పడేసి, లోపల ఆయన వాక్యాన్ని నా వాక్యంలా నడిపించడం నాకు ఒప్పుదల కాదు. పేరున్న రచయితల వాక్యం ఎత్తితే ఎవరో ఒకరు పోల్చుకుంటారు. ఊళ్లో పంతులుగారి వాక్యం ఎత్తితే అడిగేవాళ్లుండరు. ఆయన పడ్డ శ్రమకు మిగిలిందల్లా ఆ పేరు ఒక్కటే, అదీ మనం తీసేస్తే ఎలా? ఇది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగినట్టుంది, పక్క బల్ల దగ్గర వాళ్లు తిరిగి చూశారు.

"ఆయన ఎప్పుడో పోయారట. ఇంకా కాపీరైట్ ఉంటుందా?" అన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది తడబడే చోటు ఇదే. మన 1957 చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంతకుముందు 50 ఏళ్లే ఉండేది. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు ముగిసే వేళ, 1992లో 60కి పెంచారు. గురజాడ 1915లో పోయారు, ఆయన నాటకాన్ని ఇవాళ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అంతమాత్రాన అందులోని ఒక రంగాన్ని నా పేరుతో ఇస్తే సరైపోతుందా? చట్టం ఊరుకున్నా అది గ్రంథచౌర్యమే. దీనికి అటు వైపు కూడా ఉంది. శ్రీశ్రీ పేరు ఎంత పెద్దగా వేసినా ఆయన కవితా సంపుటిని మొత్తం అచ్చు వేసి పంచితే కాపీరైట్ ఉల్లంఘనే. పేరు చెప్పడం వేరు, అనుమతి ఉండడం వేరు.

ఆ మాట ఊరికే రాలేదు. ప్రాజెక్టు మొదటి పేజీలో శ్రీశ్రీ కవిత ఒకటి పూర్తిగా ఉంది. "ఫెయిర్ యూజ్ కదా" అంది. అనుమతి అడక్కుండా కొంత వాడుకునే వెసులుబాటుకు ఆ పేరు అమెరికా చట్టంలోది. వాడిన ఉద్దేశం, మూల రచన స్వభావం, తీసుకున్న పరిమాణం, మార్కెట్ మీద ప్రభావం, ఈ నాలుగూ చూసి అక్కడి కోర్టులు తేలుస్తాయి. మన చట్టంలో ఉన్నది ఫెయిర్ డీలింగ్. ఏయే అవసరాలకు అనుమతి లేకుండా వాడుకోవచ్చో 52వ సెక్షన్ పేర్కొంటుంది: పరిశోధనతో సహా సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన సంఘటనల వార్తలు, తరగతి గదిలో బోధన, పరీక్ష ప్రశ్నలు వగైరా. ముప్పై సెకన్ల పాట, పది వాక్యాల పేరా అంటూ అందరూ చెప్పుకునే కొలతలు రెండు చట్టాల్లోనూ లేవు. శ్రీశ్రీ 1983లో పోయారు, కాబట్టి 2043 చివరిదాకా హక్కు ఉంటుంది. విమర్శ కోసం కొన్ని పాదాలు ఎత్తి చూపడానికి చట్టం చోటిచ్చింది. ఆమె పేజీలో విమర్శ లేదు, అలంకారంగా పెట్టుకుంది.

మధ్యాహ్నం మద్దిలపాలెంలో జిరాక్స్ కోసం ఆగాం. పుస్తకంలోంచి ఒక అధ్యాయం తీయాలంటే షాపాయన తటపటాయించారు. "మొన్నెవరో కేసులవుతాయన్నారమ్మా." ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపు కథ చెప్పాను. 2012లో పెద్ద ప్రచురణ సంస్థలు మూడు ఆ షాపు మీదా యూనివర్సిటీ మీదా దావా వేశాయి. 2016లో హైకోర్టు విద్యార్థుల వైపు నిలిచింది. ఎన్ని పేజీలన్నది కాదు, బోధనకు ఎంత అవసరమన్నదే కొలత అని అప్పీలు విన్న ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ చెప్పింది. మరుసటి ఏడాది ప్రచురణకర్తలు దావా వదులుకున్నారు. ఆ తీర్పు మాలాంటి వాళ్లకు చేసిన మేలు అంతా ఇంతా కాదు, వేల రూపాయల పుస్తకంలో మాకు కావలసింది ఒక్క అధ్యాయమే అయినప్పుడు. అయితే పక్క వీధి పుస్తకాల షాపులో దొరికే తెలుగు పుస్తకాన్ని డబ్బు మిగులుతుందని అట్ట నుంచి అట్ట దాకా తీయించడం నాకు నచ్చదు. తెలుగు రచయితకు వచ్చేదే అంతంతమాత్రం.

సాయంత్రం ఆమె మళ్లీ వచ్చింది. కవితలో నాలుగు పాదాలు ఉంచి, వాటికీ రేవుకూలీల బతుక్కూ ఉన్న సంబంధం మీద అరపేజీ రాసింది. పంతులుగారి పేరా యథాతథంగా కొటేషన్లలోకి వెళ్లింది, తెప్ప మళ్లీ తెప్ప అయింది, అడుగున ఆయన పేరు, వ్యాసం పేరు. శాతం పెరుగుతుందేమోనని భయపడింది. ఎవరిదో చెప్పి ఉటంకించిన భాగాన్ని లెక్కలోంచి తీసేయాలని యూజీసీ నిబంధనల్లోనే ఉందని చూపించాను. సంచిక అచ్చయిన సంవత్సరం దొరకలేదు, అట్టతో పాటే పోయింది. లోపలి ప్రకటనల్లో ఎక్కడైనా తేదీ ఉందేమో చూడడానికి శనివారం ఇద్దరం ద్వారకానగర్ వెళ్తున్నాం.