ఆదుర్రులో నాలుగో శీలం

నాన్న పోయాక వచ్చిన మొదటి వైశాఖ పౌర్ణమి అది. ఏటా ఆ రోజు, బుద్ధ పౌర్ణమికి, ఆయన, అమ్మ ఆదుర్రులోని బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్ళేవారు. నాలాగే నాన్నా టైలరే, పెళ్ళిళ్ళ సీజనులోనూ ఆ ఒక్కరోజు మాత్రం షాపు తీసేవారు కాదు. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. జాకెట్లు గుట్టలుగా పడి ఉంటే ఎలా కుదురుతుంది అనేదాన్ని. ఈసారి అమ్మ పొద్దున్నే తెల్లచీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. రమ్మని కూడా అడగలేదు. నేనే షట్టరు దించి తాళం వేశాను.

అమలాపురంలో ఆటో ఎక్కాం. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ గోదావరి గాలి తగిలాక గానీ అమ్మ నోరు విప్పలేదు. వంతెన దాటితే పాశర్లపూడి. 1995 జనవరిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. "ఆ మంట చూసి మీ నాన్న నిద్రపోయేవారు కాదే" అంది అమ్మ. తరువాత నగరం, మామిడికుదురు. అక్కడి నుంచి కొబ్బరితోటల మధ్య దారి.

గుడో గోపురమో ఊహించుకుని వెళ్తే ఆదుర్రులో అదేమీ ఉండదు. ఇటుకలతో కట్టిన గుండ్రటి పీఠం, బండిచక్రం పడుకోబెట్టినట్టు. దీన్ని దుబరాజు గుడి అంటారు. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళానికి వెళ్తూ ఇక్కడ ఆగిందని చెప్పుకుంటారు. నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన అరుగులు ఆయక వేదికలు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకీ ఉన్నాయి. అలాంటి వేదిక మీద ఐదు స్తంభాలు నిలపడం మన ఆంధ్ర స్తూపాల పద్ధతి. అవి బుద్ధుడి జీవితంలో ఐదు ఘట్టాలకి గుర్తు: పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, మహాపరినిర్వాణం. ఒక ఇటుక మీద చెయ్యి పెట్టాను. మన ఇళ్ళ ఇటుక కంటే బాగా వెడల్పు. పొద్దుటి ఎండకే వెచ్చబడింది. సందులో గడ్డిపోచ, దాని మీద ఎర్రచీమ.

స్తూపాన్ని కుడివైపు ఉంచుకుని మూడుసార్లు తిరిగాం. ఇటుకలకి దూరంగా, నేల మీద కొవ్వొత్తి పెట్టాం. ఒక పెద్దాయన త్రిశరణాలు, అంటే బుద్ధుడిని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరే మాటలు, తరువాత మంచి నడవడికి ఐదు పంచశీలాలు చెప్పించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించి అంబేడ్కర్ గారు లక్షల మంది చేత పలికించినవీ ఇవే. మా ఇంట్లో రోజూ వినేవే, చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు. నాలుగోది దగ్గర మాత్రం నా గొంతు ఆగిపోయింది. "ముసావాదా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి." అబద్ధమాడకుండా ఉంటానని.

ముందు రోజు సాయంత్రం పెళ్ళికూతురి తల్లి ఒకావిడ వచ్చింది. "అయిపోయాయా అమ్మా?" అంటే "ఆయ్, కుట్టేశానండి, హుక్కులే తరువాయి" అన్నాను. గుడ్డకి ఇంకా కత్తెర పెట్టనేలేదు. అలాంటి మాట రోజుకి పది సార్లు అంటాను. అది అబద్ధమని కూడా తోచేది కాదు. నాన్న అలా కాదు. "శుక్రవారం కుదరదండి, సోమవారం సాయంత్రం" అని చెప్పేసేవారు. బేరాలు పోయేవి. అమ్మ సణిగేది.

పెద్దాయన సిక్ఖాపదం అంటే శిక్షణ అని విడమరిచి చెప్పారు. ఎవరో వేసిన ఆజ్ఞ కాదు, నా అంతట నేను నేర్చుకుంటానని ఒప్పుకోవడం. ఆ మాట నాకు సూటిగా తగిలింది. కాజా కుట్టడం నేర్చుకునేటప్పుడు నాన్న నాచేత ఎన్నిసార్లు విప్పించి మళ్ళీ కుట్టించారో! ఒక్కసారి కూడా తిట్టలేదు. "విప్పు తల్లీ" అనేవారు, అంతే.

బుద్ధుడికి సుజాత పాయసం పెట్టిన రోజు కదా, అమ్మ ఇంట్లో వండి తెచ్చిన పరమాన్నం అందరికీ పంచింది. గిన్నె అడుగున మిగిలిన రెండు ముద్దలు ఒకే గరిటెతో మేమిద్దరం తిన్నాం.

మర్నాడు షాపు తీయగానే ఆవిడకి ఫోన్ చేశాను. "అమ్మా, మొన్న అబద్ధం చెప్పానండి. ఇంకా కత్తిరించలేదు. గురువారానికి ఇవ్వగలను" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. గంటలో వచ్చి గుడ్డ, లైనింగు, ఆది జాకెట్టు తీసుకెళ్ళిపోయింది. నేను మడత పెట్టి కవర్లో వేసి ఇచ్చాను. చేతులు వణికాయి. తరువాత నోటుబుక్కు తీసి మిగతా పదకొండు జాకెట్ల పక్కన రాసిన తేదీలు కొట్టేసి, నిజంగా ఇవ్వగలిగిన తేదీలు వేయడం మొదలుపెట్టాను.