నల్లా నీళ్లు, 150 రోజుల గడువు

2003 ఎండాకాలం. హైదరాబాద్ చిక్కడపల్లిలో మా ఇంటికి నల్లా నీళ్లు దినం విడిచి దినం వచ్చేవి. తెల్లారుజామున లేచి బిందెలు నింపడం నా వంతు. ఆఖరి బిందె వంటింట్లో దించి, అందరూ మళ్లీ నిద్రపోయాక, అన్నయ్య చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. ఆడుతున్నది ఫాలౌట్, 1997లో వచ్చిన ఆట.

అణుయుద్ధం తర్వాత భూమి కింద బతుకుతున్న జనం. వాళ్ల నీళ్లను శుద్ధి చేసే చిప్ చెడిపోతుంది. పైకి వెళ్లి కొత్తది వెతికి తేవాలి. గడువు 150 రోజులు. హబ్ అనే ఊళ్లో నీళ్ల వ్యాపారులకు డబ్బు కడితే వాళ్లు నీళ్లు పంపిస్తారు, ఇంకో 100 రోజులు కలిసొస్తాయి. కానీ ఆ రాకపోకలతో మనవాళ్ల జాడ శత్రువులకు తొందరగా తెలిసిపోతుంది. డబ్బు కట్టాలా వద్దా అని రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. అరచేతుల్లో బిందె అంచు ఒరుసుకున్న మంట అలాగే ఉండేది. నీళ్ల కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ గడువు ఉత్త అంకె కాదు.

ఈ ఆటలో విలన్ పేరు మాస్టర్. మనుషులందర్నీ మార్చి ఒకే జాతిగా చేస్తే యుద్ధాలే ఉండవని మనసారా నమ్మినవాడు. వాణ్ణి కాల్చి చంపొచ్చు. లేదంటే, వాడు తయారుచేసిన జాతికి పిల్లలు పుట్టరని రుజువు చేసే డిస్క్ ఒకటి సంపాదించి, ఎదురుగా నిలబడి చూపించొచ్చు. నేను రెండోదే చేశాను. ఇన్నాళ్లూ చేసిన ఘోరమంతా వృథా అని వాడికి అర్థమవుతుంది. తన చేతులతోనే అంతా ముగించుకుంటాడు. నాకు చెయ్యి మౌస్ మీద ఆడలేదు. మాటకు లొంగే విలన్‌ని రాసినవాళ్లు అతన్ని మనిషిగా చూశారు. పాత ఆటల కథల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

అందరూ మెచ్చుకునే బాల్డర్స్ గేట్ (1998) కథగా నాకు ఎక్కలేదు. వెంట వచ్చే మనుషులు బాగుంటారు, అంతవరకే. 1999 నాటి ప్లేన్‌స్కేప్ టోర్మెంట్ మాత్రం వేరు. శవాగారంలో బల్లమీద లేచిన హీరోకి తనెవరో గుర్తుండదు. అందులో పోరాటాలు నిజంగానే చప్పగా ఉంటాయి, మాటలే ఆట. వివేకం పాయింట్లు పెంచుకుంటే జ్ఞాపకాలు తిరిగొస్తాయి. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఆడుతుంటే అమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఏందిరా, ఆడుతున్నవా, చదువుతున్నవా?" అనేది.

ఆ ఆటలోనే రావెల్ అనే మంత్రగత్తె హీరోని అడుగుతుంది: మనిషి స్వభావాన్ని మార్చగలిగేది ఏది? బేతాళుడైతే తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తాడు. రావెల్‌కి సరైన జవాబుతో పనిలేదు, మన జవాబు కావాలి. నేను పశ్చాత్తాపం అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఫాలౌట్ అయిపోయిన రాత్రి కరెంటు పోయింది. డాబా మీద నాయనమ్మకు కథంతా చెప్పాను. చీకట్లో ఊ కొడుతూ విన్నది. చిప్ తెచ్చి, మాస్టర్ పీడ కూడా వదిలించి హీరో తిరిగొస్తే, భూమి కింది జనానికి పెద్దాయన గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. నిన్ను చూసి మా పిల్లలూ బయటికి పోతామంటారు, నువ్విక లోపలికి రావద్దంటాడు. హీరో వెనక్కి తిరిగి ఎడారిలోకి ఒక్కడే నడుస్తాడు.

నాయనమ్మ ఊ కొట్టలేదు. కాసేపాగి అడిగింది: "నీళ్లు తెచ్చినోణ్ణి ఎల్లగొట్టిండ్రా? తోవల తాగనీకె సుక్క నీళ్లన్న ఇచ్చిండ్రా?"

"ఇయ్యలే నాయనమ్మా" అన్నాను.