మిరప తొడిమతో తోడు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఆ ఘాటులోనే ఉన్నవాణ్ని, కొత్తగా వచ్చినవాళ్లు తుమ్ముతుంటే నవ్వుకునేవాణ్ని. అలాంటిది 2023 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పి గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకుంటే కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. అది మా ఆవిడ ఎప్పుడూ చేసే పచ్చడే, ఎప్పుడూ వేసే కారమే. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుంటే నాలుక ఎర్రగా, నున్నగా, పాలిష్ పట్టిన గచ్చులాగా ఉంది.

అసలు సంగతి అంతకు ఐదేళ్ల ముందు మొదలైంది. 2018లో షుగర్ బయటపడింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ 8.6, రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 340, బరువు 88 కిలోలు, పైగా కాలేయానికి కొవ్వు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ రాస్తే వేసుకున్నాను, తిండి మాత్రం మార్చలేదు. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగేటప్పుడు ఒక టీ, బేరం తెగితే ఒకటి, కాటా అయ్యాక ఇంకొకటి, అట్లా సాయంత్రానికి తొమ్మిదయ్యేవి. షుగర్ ఉండి కూడా టీలో పంచదార మానలేదా అంటే, మానలేదు. ఇంటికొస్తే కందిపొడిలోకి నెయ్యి, ముద్దపప్పులోకి నెయ్యి, చివర్లో గేదెపాల పెరుగు, దాని మీద మీగడ. ఆదివారమైతే కోడి. మాత్ర డోసు పెరిగింది గానీ సగటు 8 కిందికి దిగలేదు.

2021 సంక్రాంతికి బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనకోడలు వచ్చింది. తను వీగన్, అంటే మాంసం, గుడ్డే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టదు. ఆ మాటని 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా ఆయన మిత్రులూ పుట్టించారని, వెజిటేరియన్‌లో మొదలూ చివరా కలిపారని తనే చెప్పింది. నేతిలో వేయించిన అరిసెలు ముట్టనందుకు మా అమ్మ "ఏందే నీ యేషాలు" అని మండిపడింది. తను మూగజీవాల కోసం మానింది. నాది నా ఒంటి భయం. "మూడు నెలలు చేసి చూడు మామయ్యా, నచ్చకపోతే మానెయ్" అంది.

కోడీ చేపా వదిలేయడం ఏమంత కష్టం కాలేదు. టీ మానితే వారం రోజులు తలనొప్పి. పెరుగు దగ్గరే చచ్చాను. ఎంత తిన్నా చివర పెరుగన్నం పడకపోతే విస్తరి ముందు నుంచి లేవబుద్ధి కాదు. దానికీ మేనకోడలే దారి చెప్పింది. గ్లాసుడు వేరుశెనగ గుళ్లు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, మెత్తగా రుబ్బి గుడ్డలో పిండాలి. ఆ పాలు అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా చల్లారాక తోడు వెయ్యాలి. మామూలు పెరుగుతో తోడు పెడితే మళ్లీ మొదటికే వచ్చినట్టు. అందుకని మిరపకాయ తొడిమలు వెయ్యమంది. తొడిమని అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులే పాలని పులియబెడతాయట. గుంటూరులో తొడిమలకేం కరువు? తేజ కాయల తొడిమలు ఎనిమిది వేసి మూత పెట్టాను. తెల్లారేసరికి తోడుకుంది. మొదటి గిన్నె కాస్త గొంతు పట్టింది గానీ, దాన్నే తోడుగా వేసిన రెండో గిన్నె బాగుంది. మా అమ్మ తొంగి చూసి "ఇది పెరుగా, గోడకేసే సున్నమా?" అంది.

ఏడాదికి బరువు 77కి, సగటు 6.4కి వచ్చాయి. మాత్ర డోసు సగం చేశారు. ఇది పాలూ నెయ్యీ మాంసం మానినందుకా, లేక తొమ్మిది టీల్లో పడే పద్దెనిమిది చెంచాల పంచదార మానినందుకా అంటే తేల్చలేను. రెండు ఖాతాలు కలిసిపోయాక ఏ జమ ఎందులోదో చెప్పడం కష్టం. ఆ రోజుల్లో మాత్రం ఘనతంతా వీగన్ తిండికే ఇచ్చి, ఎండలో బస్తాలు మోసే హమాలీలకి మజ్జిగ మానమని చెప్పి తిట్లు తిన్నాను.

2022 చివర్లో పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు రాత్రి లాడ్జి సెంటర్లో ఆటో దిగి ఇంటికి నడిచాను. గుమ్మంలో మా ఆవిడ "ఎడమ చెప్పేదండీ?" అనేదాకా అది ఊడిపోయిందని నాకు తెలియదు. రెండు వీధుల అవతల దొరికింది. డాక్టరు "వెజ్జా నాన్‌వెజ్జా?" అని అడిగితే "వెజ్" అన్నాను. పాలు కూడా మానానని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. షుగర్ ఉన్నాక తిమ్మిర్లు మామూలేనని నరాల మాత్రలు రాశాడు. మూడు నెలలు మింగాను.

నాలుక మంట మొదలయ్యాక కొత్తపేటలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నాలుక చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "పాలు, పెరుగు తీసుకుంటారా?" రక్తపరీక్షలో బీ12 విటమిన్ 116 వచ్చింది, 200 కన్నా తగ్గకూడదట. హిమోగ్లోబిన్ 9.4. ఎర్రకణాలు ఉండాల్సిన దానికంటే ఉబ్బి ఉన్నాయి. బీ12ని మొక్కలూ తయారు చేయవు, జంతువులూ చేయవు, బాక్టీరియా చేస్తుంది. మనకి అది మాంసం, చేప, గుడ్డు, పాల ద్వారానే అందుతుంది. కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మానగానే ఏమీ తెలియదు. తిండిలో వచ్చేదాన్ని కూడా ఒంటికి సరిగా పట్టనీయకుండా మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. అంటే నాకు ఆదాయం ఆగింది, నిల్వ కరిగింది. ఫోన్లో ఎవరో చెప్పారని స్పిరులినా అనే నాచు మాత్రలు కూడా వేసుకునేవాణ్ని. అందులో ఉండే బీ12 ఎక్కువగా మన ఒంటికి పనికిరాని రకమని ఆవిడ చెప్పాకే తెలిసింది. నా తొడిమ పెరుగులోనూ బీ12 లేదు.

మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి, వెయ్యి మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు. నాలుక మూడు వారాల్లో తేరుకుంది. రక్తం రెండు నెలల్లో పెరిగింది. పాదాలకి ఎనిమిది నెలలు పట్టింది. ఎడమ కాలి చిటికెన వేలు ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటుంది. ఇంకా ఆలస్యం చేసుంటే కొన్ని నరాలు తిరిగొచ్చేవి కాదన్నారు. మళ్లీ పాలు తాగమని మాత్రం డాక్టరమ్మ అనలేదు. "తిండి మీ ఇష్టం. బీ12 మాత్ర జీవితాంతం మానకూడదు" అంది. మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. "గ్లాసుడు పాలతో పోయేదానికి సూదులు పొడిపించుకుంటున్నావా నాయనా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

మేనకోడలికి ఫోన్ చేసి అడిగాను. "నేను మొదటి నుంచీ బీ12 వేసుకుంటూనే ఉన్నా మామయ్యా. నీకు చెప్పలేదా?" అంది. చెప్పలేదు. తన మీద రెండు రోజులు కోపంగా ఉంది. తర్వాత తొడిమల పెరుగు తింటుంటే తగ్గిపోయింది.

మొన్న వానకి బ్రాడీపేటలో నీళ్లు నిలిచాయి. నడుస్తుంటే ఎడమ చెప్పు బురదలో ఇరుక్కుని ఊడింది. ఊడినట్టు వెంటనే తెలిసింది.