తారు రోడ్డు మీద బిగిసిన బండి

మా మామయ్యకు గుమ్మిడిపూండి దగ్గర సరుగుడు తోట ఉంది. మేము ఉండేది చెన్నైలో, మాధవరం వైపు. కిందటి నవంబరులో నాలుగు రోజుల ముసురు వెలిశాక, పాడైన మోటారు తెద్దామని పికప్ తీసుకెళ్లాను. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండే అయినా, గేరు పక్కనున్న గుండ్రటి మీటను అంతవరకు తిప్పింది లేదు. ఎప్పుడూ 2హెచ్‌లోనే, అంటే వెనక చక్రాలతోనే నడిపేవాణ్ని.

తోట దారిలో ఇసుకా బురదా కలిసిన చోట వెనక చక్రాలు దిగబడ్డాయి. తొక్కినకొద్దీ గుంత లోతవుతోంది. దిగి చూస్తే టైరు గాడులన్నీ మట్టితో పూడి నున్నగా ఉన్నాయి. 4హెచ్, అంటే నాలుగు చక్రాలతో మామూలు వేగంలో నడిచేది అయితే బండి కదులుతుండగానే వేయవచ్చు; 4ఎల్‌కు, అంటే నాలుగు చక్రాలతో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేదానికి పూర్తిగా ఆగాలి. క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లో పెట్టి, మీట నొక్కి 4ఎల్‌కు తిప్పాను. నాలుగు చక్రాలు కలిశాయని చూపే దీపం మిణుకుమిణుకుమని, చివరికి నిలకడగా వెలిగింది. అది నిలిచేదాకా గేరు వేయకూడదు. టైర్లలో గాలి 20 పీఎస్‌ఐకి దించి, రెండో గేరులో క్లచ్ మెల్లగా వదిలాను. బండి పాకుతున్నట్టు గట్టెక్కింది. ప్రాణం లేచి వచ్చింది!

తారు రోడ్డెక్కి గాలి కొట్టించాను. తడి రోడ్డు కదా, పట్టు ఉంటుందని 2హెచ్‌కు పోకుండా 4ఎల్ నుంచి 4హెచ్‌కు మార్చి, అందులోనే ఉంచేశాను. జాతీయ రహదారి తిన్నగా ఉంటుంది, ఏమీ తెలియలేదు. మాధవరం చేరేసరికి రోడ్డు ఆరిపోయింది. మా వీధి మలుపులో స్టీరింగ్ బరువెక్కి, టైర్లు కీచుమని, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు బండి ఆగిపోయింది. 2హెచ్‌కు తిప్పినా దీపం ఆరలేదు.

వీధి చివర షెడ్డు నడిపే నెల్లూరు మేస్త్రి వచ్చి చూశాడు.

“బాబూ, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. నువ్వు రెండింటినీ కలిపి బిగించావు. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద ఎలా జారుతుంది? ఆ మెలి అంతా లోపలే బిగుసుకుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి పది అడుగులు వెనక్కి పోనివ్వు.”

పోనిచ్చాను. కింద ‘టక్’మని ఒక్క చప్పుడు, దీపం ఆరిపోయింది. ముందు టైరు అంచు మీద చేయి పెట్టి చూస్తే వెచ్చగా, గరుకుగా తగిలింది.

ఇప్పుడు తోట దాటి తారు తగలగానే మీట 2హెచ్‌కు తిప్పుతాను. దీపం ఆరిందని పక్కసీట్లోంచి మామయ్య చెప్పాకే మలుపు తీసుకుంటాను.